గర్భిణి రక్తంలో కొలెస్ట్రాల్: మాయ ఏం చేస్తుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గర్భిణుల లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) గురించినవే ఎక్కువ. ఒకే సందేహం రకరకాలుగా అడిగారు కాబట్టి వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, ఎనిమిదో నెల. రక్తపరీక్షల ప్యాకేజీలో లిపిడ్ ప్రొఫైల్ కూడా చేశారు. టోటల్ కొలెస్ట్రాల్ 278, ఎల్‌డీఎల్ 168, హెచ్‌డీఎల్ 64, ట్రైగ్లిజరైడ్లు 232 వచ్చాయి. రిపోర్టు నిండా ‘ఎక్కువ’ అని గుర్తులే. పెళ్లికి ముందు టోటల్ 170 ఉండేది. రిపోర్టు చూసిన రోజు నుంచి మా అత్తయ్య గుడ్డు, నెయ్యి మాన్పించేశారు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు కూడా తినడం లేదు. బిడ్డకేమైనా ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: ప్రమాదం లేదమ్మా. ఎనిమిదో నెలకు ఈ అంకెలన్నీ మామూలే. ల్యాబు వాళ్లు రిపోర్టు పక్కన అచ్చువేసే ‘200 లోపు’ అన్న హద్దు గర్భం లేని పెద్దవాళ్లది. చివరి మూడు నెలల్లో ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి టోటల్ కొలెస్ట్రాల్ సుమారు 220 నుంచి 350 దాకా, ఎల్‌డీఎల్ 100 నుంచి 225 దాకా, ట్రైగ్లిజరైడ్లు 130 నుంచి 450 దాకా ఉండొచ్చు. మొదటి నెలల్లో కొలెస్ట్రాల్ పెద్దగా పెరగదు, కొందరిలో కాస్త తగ్గుతుంది కూడా. నాలుగో నెల నుంచి ఎక్కుతూ పోతుంది.

ఎందుకు ఎక్కుతుందంటే, దాన్ని అడిగి తెప్పించుకునేది మాయే (తల్లినీ బిడ్డనూ కలిపే ప్లాసెంటా). గర్భం నిలబడాలంటే ప్రొజెస్టెరాన్ హార్మోను కావాలి. తొలి ఏడెనిమిది వారాలు దాన్ని అండాశయం తయారుచేస్తుంది. తొమ్మిదో వారానికల్లా ఆ పని మాయ చేతికి వస్తుంది. నెలలు నిండేసరికి మాయ రోజుకు దాదాపు 250 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ చేస్తుంది. దానికి ముడిసరుకు కొలెస్ట్రాలే. మాయ సొంతంగా తయారుచేసుకునేది ఆ అవసరానికి చాలదు, అందుకే తల్లి రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. మరోవైపు ఈస్ట్రోజెన్ పెరిగి కాలేయం కొవ్వును మోసే రేణువులను ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. మాయ నుంచే వచ్చే ప్లాసెంటల్ లాక్టోజెన్ అనే హార్మోను తల్లి ఒంట్లో దాచుకున్న కొవ్వును కరిగిస్తుంది. ఇన్సులిన్ కూడా మునుపంత బాగా పనిచేయదు. దీనివల్ల తల్లి శరీరం తన అవసరాలకు కొవ్వును వాడుకుంటుంది, గ్లూకోజు బిడ్డకు మిగులుతుంది. మీ రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు పెరిగింది ఇందుకే.

ఇక గుడ్డు సంగతి. ఒక పెద్ద గుడ్డులో 186 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే. కానీ తిండిలో వచ్చే కొలెస్ట్రాల్ పెరిగితే కాలేయం తన తయారీని తగ్గించుకుంటుంది. గుడ్డు మానేసినంత మాత్రాన 278 కాస్తా 200 కాదు. పోయేది మాత్రం కచ్చితంగా పోతుంది: గుడ్డుకు ఆరు గ్రాముల ప్రొటీను, బిడ్డ మెదడుకు కావలసిన కోలిన్. ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం గర్భిణికి మామూలు కంటే రోజుకు 350 కేలరీలు, చివరి మూడు నెలల్లో 22 గ్రాముల ప్రొటీను అదనంగా కావాలి. ఆ 22 గ్రాముల్లో పావు వంతుకు పైగా ఒక్క గుడ్డే ఇస్తుంది. తెలంగాణ ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీ భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తున్నది ఇలాంటి లెక్కలతోనే. రేపటి నుంచి మళ్లీ తినండి. నెయ్యి అన్నంలోకి ఒకటి రెండు టీస్పూన్లు చాలు. నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు ఐదారు టీస్పూన్లు దాటకుండా చూసుకోండి. మానాల్సింది గుడ్డు కాదు, కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించిన బజ్జీలు, డాల్డా పోసి చేసిన పఫ్‌లు, బేకరీ బిస్కెట్లు. అత్తయ్య గారికి ఈ పేజీ చూపించండి.

ఇంకో మాట. ఏ ఇబ్బందీ లేని గర్భిణికి లిపిడ్ ప్రొఫైల్ చేయాల్సిన పనే లేదు. ప్యాకేజీలో ఉంది కాబట్టి చేశారంతే. కుటుంబంలో చిన్నవయసు గుండెపోట్లు, మునుపే ఎక్కువ కొలెస్ట్రాల్, అదుపులో లేని షుగర్, పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు మాత్రం చేయాలి. దీనికోసం 12 గంటలు కడుపు మాడ్చుకోనక్కర్లేదు, తిన్నాక ఇచ్చిన రక్తం చాలు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితేనే పరగడుపున మళ్లీ చూస్తారు. అప్పుడు ఇంకో చిక్కు ఉంది: చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, మిగతా మూడు అంకెల నుంచి లెక్కకడతాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క తప్పుతుంది. ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ అని అడిగి చేయించుకోవాలి.

ప్రశ్న: తల్లి రక్తంలో ఉన్న కొలెస్ట్రాల్ అంతా బిడ్డకు పోయి, పుట్టకముందే గుండె రక్తనాళాలు పూడుకుపోతాయని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పూడుకుపోవడం అబద్ధం. అయితే ఆ కబురు ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే ముందు కొలెస్ట్రాల్ తల్లి నుంచి బిడ్డకు చేరే దారి తెలియాలి.

తల్లి రక్తం, బిడ్డ రక్తం ఎక్కడా కలవవు. నెలలు నిండిన మాయ అర కిలో బరువుంటుంది. దాని లోపల వేళ్లలా చీలిన కొసలు తల్లి రక్తంలో మునిగి ఉంటాయి. ఆ కొసలన్నీ పరిస్తే పది చదరపు మీటర్లకు పైగా వస్తుంది. వాటిపై కప్పుగా ఉండే పొర పేరు సిన్సీషియోట్రోఫోబ్లాస్ట్. తల్లి వైపు దానికి ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి, హెచ్‌డీఎల్ నుంచి కొలెస్ట్రాల్ తీసుకునే ఎస్ఆర్‌బీ1 అనే ప్రొటీను ఉంటుంది. పట్టుకున్న ఎల్‌డీఎల్ రేణువు ఆ పొర లోపలికి పోయి, లైసోజోములనే చిన్న సంచుల్లో విడిపోయి, కొలెస్ట్రాల్ బయటపడుతుంది. అందులో కొంత ప్రొజెస్టెరాన్‌కు, కొంత మాయ తన కణాల పొరలకు వాడుకుంటుంది. మిగిలినదాన్ని ఏబీసీఏ1, ఏబీసీజీ1 అనే పంపులు బిడ్డ వైపు నెడతాయి. అక్కడ బిడ్డ రక్తనాళాల గోడలోని కణాలు దాన్ని అందుకుని, బిడ్డ హెచ్‌డీఎల్‌కు ఎక్కిస్తాయి. పెద్దవాళ్లలో కొలెస్ట్రాల్ మోసే పని ఎక్కువగా ఎల్‌డీఎల్‌ది. గర్భంలో బిడ్డకు మాత్రం హెచ్‌డీఎల్, అందులోనూ అపోఈ ప్రొటీను ఎక్కువున్న హెచ్‌డీఎల్ ముఖ్యం.

ఈ దారికి రెండు చివర్లా అదుపు ఉంది. కణంలో కొలెస్ట్రాల్ నిండేకొద్దీ ఎస్ఆర్ఈబీపీ2 అనే స్విచ్ ఆగి, తల్లి వైపు గ్రాహకాలు తగ్గుతాయి. మిగులు కొలెస్ట్రాల్ నుంచి పుట్టే ఆక్సిస్టెరాల్స్ ఎల్ఎక్స్ఆర్ అనే మరో స్విచ్‌ను వేస్తాయి, బయటికి తోసే పంపులు పెరుగుతాయి. అంటే సరుకు పేరుకుపోకుండా మాయ రాబడి తగ్గించి పోబడి పెంచుకుంటుంది. ఫలితం కళ్ల ముందే కనిపిస్తుంది: తల్లికి 280 ఉన్నా, పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తంలో టోటల్ కొలెస్ట్రాల్ 60–70 మధ్యే ఉంటుంది. బిడ్డకు కావలసిన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తన కాలేయం, తన మెదడు తామే తయారుచేసుకుంటాయి. తల్లి మీద ఆధారం ఎక్కువగా ఉండేది బిడ్డ సొంత తయారీ ఇంకా పుంజుకోని తొలి నెలల్లోనే.

వాట్సాప్ కబురుకు మూలం ఇటలీ. 1997లో నేపుల్స్ పరిశోధకులు, నెలలు నిండకుండా చనిపోయిన శిశువుల బృహద్ధమనిని పరీక్షించారు. తల్లికి గర్భంలో కొలెస్ట్రాల్ మరీ ఎక్కువున్నప్పుడు శిశువు రక్తనాళం గోడలో సన్నని కొవ్వు చారలు ఎక్కువగా కనిపించాయి. 1999లో పిల్లల మీద చేసిన అధ్యయనంలోనూ ఇలాంటి తేడాయే కనిపించింది. కాబట్టి అదుపు అనేది పూర్తి రక్షణ కాదు, తల్లి కొలెస్ట్రాల్ మరీ పెరిగితే దాని జాడ కొంత పడుతుంది. అయితే కొవ్వు చార వేరు, పూడిక వేరు. చార రక్తప్రవాహానికి అడ్డం రాదు, సూక్ష్మదర్శినితో చూస్తేగానీ తెలియదు.

తిండి మార్చితే ఎంత తేడా వస్తుందో ఓస్లోలో 290 మంది గర్భిణులతో చూశారు, ఫలితాలు 2005లో వచ్చాయి. చేపలు, పప్పులు, కూరగాయలు, గింజలు ఎక్కువ పెట్టి, తిండిలో కొలెస్ట్రాల్ రోజుకు 150 మిల్లీగ్రాములకు కుదించారు. తల్లుల కొలెస్ట్రాల్ కొంత తగ్గింది. బొడ్డుతాడు రక్తంలో మాత్రం రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. మాయ అదుపు గురించి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ప్రశ్న: ప్రొజెస్టెరాన్‌ను మాయ ఒక్కటే చేయగలిగినప్పుడు ఈస్ట్రోజెన్‌కు బిడ్డ సాయం ఎందుకు? స్మిత్–లెమ్లి–ఒపిట్జ్ సిండ్రోమ్‌లో (బిడ్డకు పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ తయారీ లోపం) తల్లి రక్తంలో ఈస్ట్రియాల్ అనే ఈస్ట్రోజెన్ తగ్గుతుందంటారు, ఎందుకని?
– బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: మాయకు ఒక ఎంజైము లేదు, అదే కారణం. కొలెస్ట్రాల్‌లో 27 కార్బన్లు ఉంటాయి. మైటోకాండ్రియా లోపల సీవైపీ11ఏ1 అనే ఎంజైము దాని తోకను కోస్తే 21 కార్బన్ల ప్రెగ్నెనలోన్ వస్తుంది. దాన్ని 3బీటా హెచ్‌ఎస్‌డీ ప్రొజెస్టెరాన్‌గా మారుస్తుంది. ఇక్కడిదాకా మాయ సొంతంగా చేస్తుంది. అడ్రినల్ గ్రంథిలో, అండాశయంలో కొలెస్ట్రాల్‌ను మైటోకాండ్రియాలోకి చేరవేసే స్టార్ ప్రొటీను మాయలో లేదు, పరీక్షల్లో ఇది తరచూ అడుగుతారు.

ఈస్ట్రోజెన్ కావాలంటే 21 నుంచి 19 కార్బన్లకు దిగాలి. అందుకు సీవైపీ17 కావాలి. మాయలో అది దాదాపు లేనట్టే. బిడ్డ అడ్రినల్ గ్రంథుల్లో సమృద్ధిగా ఉంది. అవి బిడ్డ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, తాము చేసుకున్న కొలెస్ట్రాల్‌ను వాడి డీహెచ్‌ఈఏ సల్ఫేట్ తయారుచేస్తాయి. బిడ్డ కాలేయం దానికి 16వ కార్బన్ దగ్గర హైడ్రాక్సిల్ తగిలిస్తుంది. అది బొడ్డుతాడులోంచి మాయకు చేరాక, సల్ఫటేజ్ సల్ఫేట్‌ను తీసేస్తుంది, అరోమటేజ్ ఈస్ట్రియాల్‌గా మారుస్తుంది. తల్లి రక్తంలోని ఈస్ట్రియాల్‌లో 90 శాతం దాకా ఇలా బిడ్డ సరుకుతో చేసిందే. అందుకే గర్భంలో బిడ్డ చనిపోతే ఈస్ట్రియాల్ పడిపోతుంది, ప్రొజెస్టెరాన్ మాత్రం మాయ బతికున్నంతవరకు కొంతకాలం నిలబడుతుంది. అనెన్‌కెఫలీలో (మెదడు, పుర్రె పైభాగం ఏర్పడని లోపం) బిడ్డ పిట్యూటరీ సరిగా పనిచేయక అడ్రినల్స్ చిన్నవిగా ఉండిపోతాయి. అప్పుడు ఈస్ట్రియాల్ తగ్గడమే కాదు, వాడుకునేవాళ్లు లేక బిడ్డ రక్తంలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అడ్రినల్స్ ఎంత కొలెస్ట్రాల్ తింటాయో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

మీరడిగిన సిండ్రోమ్‌లో డీహెచ్‌సీఆర్7 ఎంజైము లోపం. కొలెస్ట్రాల్ తయారీలో ఆఖరి మెట్టు అక్కడ తెగుతుంది, 7–డీహైడ్రోకొలెస్ట్రాల్ పేరుకుంటుంది. ముడిసరుకు లేదు కాబట్టి బిడ్డ అడ్రినల్స్ డీహెచ్‌ఈఏ సల్ఫేట్ తగ్గించేస్తాయి, గర్భిణి రక్తంలో నాలుగు పదార్థాలను చూసే క్వాడ్రపుల్ పరీక్షలో ఈస్ట్రియాల్ తక్కువ వస్తుంది. అంగాల రూపురేఖలు దిద్దే సోనిక్ హెడ్జ్‌హాగ్ ప్రొటీనుకు కొలెస్ట్రాల్ అతుక్కుంటేనే అది సరిగా పనిచేస్తుంది. ఆ సంకేతాలు దెబ్బతినడం వల్ల కాలి రెండు, మూడు వేళ్లు అతుక్కోవడం, అంగిలి చీలిక, గుండె లోపాలు, తీవ్రంగా ఉంటే మెదడు రెండు భాగాలుగా విడిపోకపోవడం చూస్తాం. ఎంజైము పూర్తిగా లేని శిశువుల్లో కూడా కాస్త కొలెస్ట్రాల్ దొరుకుతుంది. వాళ్లు చేసుకోలేరు కాబట్టి అది తల్లి నుంచి మాయ దాటి వచ్చిందే.

పాఠంలో లేనిది ఒకటి చేర్చుకోండి. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ దాదాపు లేని స్త్రీలు కూడా గర్భం దాల్చి పిల్లల్ని కన్నారు. వాళ్ల ప్రొజెస్టెరాన్ తక్కువగా ఉన్నా గర్భం నిలిచింది. ఎల్‌డీఎల్ దొరకనప్పుడు మాయ హెచ్‌డీఎల్ మీద, సొంత తయారీ మీద నెట్టుకొస్తుందన్నమాట.

ప్రశ్న: నా భార్యకు 30 ఏళ్లు. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువ, మందు లేకుండా ఎల్‌డీఎల్ 240. అటోర్వాస్టాటిన్ 40 వాడుతోంది. ఆరో వారంలో గర్భం తెలిసింది, అప్పటిదాకా మాత్ర వేసుకుంది. తీయించుకోమని బంధువులు అంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మాత్ర వేసుకున్నందుకు తీయించుకోనక్కర్లేదు. తొలి వారాల్లో తెలియక స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ లాంటి మందు) వాడితే బిడ్డకు హాని జరిగే అవకాశం తక్కువని ఇప్పటి సమాచారం చెబుతోంది. గర్భిణులకు స్టాటిన్లు అసలు పనికిరావన్న గట్టి హెచ్చరికను తీసేయమని 2021 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ కూడా కోరింది. అంత మాత్రాన కొనసాగించమని కాదు. చాలామంది ఆపేయాలి. గుండెపోటో పక్షవాతమో ఇప్పటికే వచ్చినవాళ్లు, రెండు జన్యువులూ దెబ్బతిన్నవాళ్లు మాత్రం గుండె డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. మీ భార్య మాత్ర ఆపి, ఈ విషయం గైనకాలజిస్టుకు చెప్పాలి, 18–20 వారాల మధ్య బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్ తప్పకుండా చేయించుకోవాలి.

గర్భంలో ఎల్‌డీఎల్ ఇంకా పెరుగుతుంది. తగ్గించక తప్పదని డాక్టరు అనుకుంటే కొలెస్టైరమిన్, కొలెసెవెలామ్ లాంటివి ఇస్తారు. ఇవి పేగులోనే ఉండి పిత్తామ్లాలను పట్టుకుంటాయి, రక్తంలోకి వెళ్లవు, కాబట్టి బిడ్డను చేరవు. వీటితో చిక్కులు మూడు: మలబద్ధకం, ట్రైగ్లిజరైడ్లు పెరగడం, పక్కనున్న మందులను కూడా పట్టేయడం. ఫోలిక్ యాసిడ్, ఐరన్, థైరాయిడ్ మాత్ర వీటికంటే కనీసం నాలుగు గంటల ముందే వేసుకోవాలి. నెలలకొద్దీ వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు తగ్గుతాయి. కె విటమిన్ తగ్గితే ప్రసవంలో రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది, చివరి నెలలో ప్రొథ్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టే సమయం) చూడమని అడగండి.

మీది మేనరికమో కాదో రాయలేదు. ఇది ముఖ్యం. ఈ జబ్బు తల్లి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. తండ్రికి కూడా అదే ఉంటే నలుగురిలో ఒకరికి రెండు చెడ్డ జన్యువులూ వస్తాయి. ఆ పిల్లలకు చిన్నతనంలోనే గుండెజబ్బు వస్తుంది. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి మీరు కూడా ఈ వారమే లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. బిడ్డకు రెండేళ్లు దాటాక చేయించండి. పాలిచ్చినన్నాళ్లూ స్టాటిన్ వద్దు. మళ్లీ గర్భం అనుకుంటే మూడు నెలల ముందే ఆపేసి ప్రయత్నించడం మంచిది.

ప్రశ్న: మా చెల్లికి ఏడో నెల, షుగర్ ఉంది. ట్రైగ్లిజరైడ్లు 1,140. రక్తం పాలలా తెల్లగా ఉందని ల్యాబు వాళ్లన్నారు. గర్భంలో మామూలేనా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఇది మామూలు కాదు. పైన సూర్యాపేట పాఠకురాలికి చెప్పిన ధైర్యం దీనికి వర్తించదు. వెయ్యి దాటితే పాంక్రియాస్ వాపు వచ్చే ప్రమాదం ఉంది, అది తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాంతకం కావచ్చు. ఈరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పైకడుపులో నొప్పి వచ్చి వీపులోకి పొడిచినా, ఆగకుండా వాంతులైనా గ్యాస్ మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఒక సంగతి చెప్పండి: ట్రైగ్లిజరైడ్లు ఇంత ఎక్కువున్నప్పుడు అమైలేజ్ పరీక్ష మామూలుగా వచ్చి మోసం చేస్తుంది, లైపేజ్ కూడా చూడాలి.

సాధారణంగా ఇన్సులిన్‌తో షుగర్‌ను గట్టిగా అదుపు చేస్తారు, తిండిలో కొవ్వును డైటీషియన్ లెక్కతో రోజుకు 20 గ్రాముల దగ్గరకు తెస్తారు, చేపనూనె ఇస్తారు, అవసరమైతే నెలలు ముదిరాక ఫెనోఫైబ్రేట్ ఇస్తారు. థైరాయిడ్ కూడా చూడాలి. పండ్లరసాలు, చక్కెర టీ, తెల్లన్నం కుప్పలుగా తినడం ఆపండి. కాలేయం వాటినే ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది.

ప్రశ్న: ఎనిమిదో నెలలో అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద. డాక్టరు కొలెస్టాసిస్ అన్నారు. కొలెస్ట్రాల్ ఎక్కువవడం వల్లేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: కాదు. కాలేయం కొలెస్ట్రాల్‌తో పిత్తామ్లాలు చేస్తుంది. గర్భంలోని హార్మోన్ల వల్ల కొందరిలో అవి పిత్తంలోకి సరిగా పోక రక్తంలోకి ఎగదన్నుతాయి. ఒంటిమీద దద్దు లేకుండా దురద వస్తుంది. చేయించాల్సింది లిపిడ్ ప్రొఫైల్ కాదు, రక్తంలో పిత్తామ్లాలు, కాలేయ పరీక్షలు. పిత్తామ్లాలు 100 దాటితే బిడ్డ గర్భంలో చనిపోయే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి 36వ వారం అటూఇటూగా ప్రసవం చేసేస్తారు. అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ దురదను కొంత తగ్గిస్తుంది. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే మరునాటి దాకా ఆగవద్దు.

ప్రశ్న: కాన్పయి పది రోజులు. కొలెస్ట్రాల్ 260 ఉందని మాత్ర రాశారు. వేసుకోవాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మునుపు జబ్బేమీ లేకపోతే ఇప్పుడు వద్దు, రాసిన డాక్టరుకు కాన్పయి పది రోజులేనని గుర్తుచేయండి. మాయ పడిపోయాక ప్రొజెస్టెరాన్ రోజుల్లోనే దిగుతుంది, ట్రైగ్లిజరైడ్లు కొన్ని వారాల్లో, పాలిచ్చే తల్లులకైతే ఇంకా త్వరగా దిగుతాయి. ఎల్‌డీఎల్ మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. మూడు నెలలయ్యాక ఒకసారి పరీక్ష చేయించుకోండి. అప్పటికీ ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే వంశపారంపర్య జబ్బేమో చూడాలి, మీ అమ్మానాన్నలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలి.